కొలవని ఐమూల

సికింద్రాబాద్‌లో నేను కొలవని నేల లేదని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. పెళ్లి పందిళ్లలో చెప్పాను, బస్టాపుల్లో చెప్పాను, గ్యాసు బుకింగు క్యూలో ముందూ వెనకా నిలబడ్డవాళ్లకి చెప్పాను. కంటితో చూసి ఇది నలభై రెండు అడుగులు అన్నానంటే, టేపు పెట్టి చూసినవాడు టేపునే అనుమానించేవాడని కూడా చెప్పాను. ఇప్పుడు నాకు డెబ్బై ఆరు. వినేవాళ్లు తగ్గిపోయారు కాబట్టి నిజం చెప్పడానికి నాకేమీ అభ్యంతరం లేదు.

నేను సర్వేయర్ని కాను. ఒక ప్రభుత్వ శాఖలో, డ్రాయింగ్ సెక్షన్‌లో కిటికీ పక్కన కూర్చుని, వేరేవాళ్లు ఎండలో తిరిగి కొలుచుకొచ్చిన లెక్కల్ని ట్రేసింగ్ క్లాత్ మీద సిరాతో గీసేవాణ్ణి. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఫీల్డుకి వెళ్లింది పదకొండుసార్లు. ఆ పదకొండుసార్లూ నా పని, ఆఫీసరుగారు చూస్తున్న థియోడోలైట్, అంటే కోణాలు కొలిచే యంత్రం మీద ఎండ పడకుండా గొడుగు పట్టుకోవడం. గొడుగు పట్టడం తక్కువ పనేమీ కాదు. ఎండ తగిలితే యంత్రంలోని బుడగ పక్కకి జరుగుతుంది, బుడగ జరిగితే కోణం మారుతుంది, కోణం మారితే ఒక కాలువ మొత్తం వేరే ఊరికి పోతుంది. ఆ లెక్కన కొన్ని ఊళ్లకి నీళ్లు నా వల్లే...

చూశారా, మళ్లీ మొదలుపెట్టాను.

అవి ఊరంతా కంప్యూటరు జ్వరం పట్టుకున్న రోజులు. పద్మారావు నగర్‌లో మా వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకున్నాయన చొక్కా మడత పెడుతూ, "సీ ప్లస్ ప్లస్ మంచిదా సార్, జావా మంచిదా?" అని అడిగేవాడు. మా పిల్లల్లో ఎవరికీ లేని జ్వరం మా ఆఫీసుకి వచ్చింది. ఇకపై పటాలన్నీ కంప్యూటర్లోనే గీయాలని పైనుంచి కాగితం వచ్చింది. సికింద్రాబాద్‌లోనే ఒక టెక్నికల్ కాలేజీలో డిజిటల్ మ్యాపింగ్, సర్వేయింగ్ అని ఆరు నెలల కోర్సు ఉందట. ఫీల్డు అనుభవం ఉన్నవాళ్లు ఒకరు వెళ్లాలట. కొత్తగా వచ్చిన ఆఫీసరుగారు "ఎవరికుంది?" అని అడిగారు. నేను చెయ్యెత్తాను. సెక్షనంతా నా చేతి వంక చూసింది, కానీ ఆరు నెలలు నేను కనబడననే ఆనందంలో ఎవరూ నోరు విప్పలేదు.

ఇంట్లో మా ఆవిడ విప్పింది. మాది శ్రీకాకుళం వైపు. ఇక్కడికి వచ్చి పాతికేళ్లయినా ఆవిడ మాట మాత్రం రైలు దిగలేదు.

"ఏటండీ, ఏబై రెండేళ్లొచ్చీసాయి, ఇప్పుడు బేగు తగిలించుకుని కాలేజీకేటి? పిల్లలు నవ్వరేటి?"

"గురువులాగా చూస్తారే. ఫీల్డు మనిషిని."

"ఏ ఫీల్డూ? గొడుగు ఫీల్డా?" అని ఆవిడ టిఫిన్ డబ్బా మూత బిగించి చేతికిచ్చింది.

క్లాసులో ఇరవై నలుగురం. నన్ను తీసేస్తే అందరూ ఇరవై దాటీ దాటని పిల్లలు. కంప్యూటర్లు ఎనిమిది, కాబట్టి వంతులు. సర్వే యంత్రాల్లోకెల్లా గొప్పదైన టోటల్ స్టేషన్ ఒకటుండేది. మీట నొక్కితే దూరం తనే చెబుతుందట. 'ట' ఎందుకంటే అది బీరువాలో ఉండేది. దాన్ని మేము కళ్లారా చూసింది ఒక్క ఆయుధ పూజనాడే. ట్రైపాడ్ మూడు కాళ్లకీ పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కట్టి, హారతిచ్చి, మళ్లీ లోపల పెట్టి తాళం వేశారు. మాకు మిగిలింది టేపు.

మాస్టారు నాకంటే పదేళ్లు చిన్న. మాట తక్కువ, సుద్దముక్క ఎక్కువ. ఇద్దరిద్దర్ని జట్టు కట్టమన్నారు. అందరూ కట్టుకోగా చివరికి నేనూ ఒక అమ్మాయీ మిగిలాం. నేను మిగలడానికి కారణం తెలుస్తూనే ఉంది. ఆ అమ్మాయి మిగిలింది మాత్రం నోటి దురుసు వల్ల. తప్పు కనబడితే ఆగదు. నేరేడ్‌మెట్ నుంచి వచ్చేది. వాళ్ల నాన్నకి అక్కడ పిండి గిర్ని ఉంది.

మొదటి రోజే నా పక్కన కూర్చుని నా చెయ్యి చూసింది. మౌసు బల్ల అంచుదాకా వచ్చేసింది, తెర మీద గీత ఇంకా సగంలో ఉంది, నేను ఎటూ పోలేక బిగుసుకుపోయి ఉన్నాను.

"ఎత్తి మల్ల నడుమల పెట్టున్రి అంకుల్. అది గోడకు గుద్దుకోదు."

"తెలుసమ్మా. బల్ల సమతలంగా ఉందో లేదో చూస్తున్నా."

"ఆఁ, చూసిన్రు గద, ఇగ ఎత్తున్రి."

ఒప్పందం కుదిరింది. కంప్యూటరు ఆమె నేర్పాలి, ఫీల్డు నేను నడిపించాలి. ఆ అమ్మాయి వేళ్లు మీటల మీద పరిగెత్తేవి. కార్ఖానా ఏరియాలో కొత్తగా పటాల కంపెనీ ఒకటి తెరిచారనీ, కోర్సు చివర్లో వాళ్లు వచ్చి ఇద్దర్ని తీసుకుంటారనీ, ప్రతి జట్టు గీసిన షీటూ ఆ రోజు బోర్డు మీద పెడతారనీ మాస్టారు చెప్పారు. ఆమెకి ఆ ఇద్దరిలో ఒకరు కావాలి. లేకపోతే ఏమవుతుందో ఆమె దాచుకోలేదు.

"మా నాయిన ఒక్కటే మాట చెప్పిండు అంకుల్. నౌకరి వస్తే మంచిదే, రాకుంటే గిర్నిల కూసోవాలె. ఆయనకు ఇంకో మనిషి కావాలె గద. పొద్దుగాల గోదుమలు, పగటీలి మిరపకాయలు. నాకు తుమ్ములు షురూ అయితే ఆగయి. తుమ్ముకుంట తుమ్ముకుంట ముసల్దాన్ని అయిత."

"నేనుండగా నీకెందుకమ్మా భయం?" అన్నాను. ఇంత పెద్ద మాట అనడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు.

కాలేజీ ఆవరణని ముక్కలు చేసి జట్టుకొక ముక్క ఇచ్చారు. అన్నీ కొలిచి, గీసి, చివర్లో కంప్యూటర్లో ఒకదాని పక్కన ఒకటి అతికించి మొత్తం కాలేజీ పటం చెయ్యాలి. మాకు వర్క్‌షాపు వెనక పెరడు వచ్చింది. నాలుగు గోడలు, దాదాపు నలుచదరం. ఒక పక్క గేటు, దానికెదురుగా డ్రాయింగ్ హాలు గోడ. నడుమ తుప్పు పట్టిన ఇనుము గుట్ట. విరిగిన లేతు మిషన్లు, చక్రాలు, ముళ్ల కంచె లాంటి ఇనుప తరుగు.

ల్యాబ్ అటెండరు టేపు ఇస్తూ చెప్పాడు. "మొదటి మీటరు చిరిగిపోయింది సార్. ఒకటి కాడ పట్టుండ్రి. చెప్పేటప్పుడు ఒకటి తీసెయ్యుండ్రి. యాది మరువకుండ్రి."

ఆ కాలేజీలో దానికో పద్ధతి ఉండేది. టేపు అవతలి కొస చూసేవాళ్లు అక్కడ కనబడే అంకెని గట్టిగా అరుస్తారు. ఇవతల ఒకటి మీద పట్టుకున్నవాళ్లు అందులోంచి ఒక మీటరు తీసేసి, మిగిలింది తిరిగి అరుస్తారు. ఆ తిరిగి అరిచిందే ఫీల్డ్‌బుక్‌లో రాయాలి. అవతలి కొస, పుస్తకం ఆమెవి. ఇవతలి కొస, తీసివేత నావి.

"తీసివేత సంగతి నాకొదిలెయ్. ముప్పై ఏళ్ల నుంచి తీసేస్తున్నా," అన్నాను.

అప్పుడు పులి వచ్చింది. పెరట్లోకి కాదు, నా నోట్లోకి. మొదటి గోడ దగ్గర టేపు విప్పుతూ, అరకు కొండల్లో మేము నేల కొలిచే ఇనుప గొలుసు, అదే చైను వేస్తుంటే పులి వచ్చి దాని మీద కూర్చున్న వైనం మొదలుపెట్టాను. ఆ అమ్మాయి అవతలి మూలకి నడిచి వంగింది.

"ఇరవై ఏడు నలబై!"

"ఇరవై ఏడు నలభై! ...కూర్చుందా, మరి కొలత ఆగకూడదు కదా, సర్కారు పని. ఏం చెయ్యాలి? పులి కింద నుంచే చైను లాగాం!"

"పులి ఊకున్నదా?" అంటూ రెండో మూలకి పోయింది. "ఇరవై ఒకటి అరవై!"

"ఇరవై ఒకటి అరవై! ...కాస్త పక్కకి జరిగింది పాపం!"

ఇలా నాలుగు గోడలూ కొలిచాం. ఆమె అరిచిన అంకెని నేను మరింత గట్టిగా, అణా పైసల్తో సహా, అలాగే అరిచాను. ఆమె అలాగే రాసింది. పుస్తకంలో మా పెరడు ప్రతి గోడకీ ఒక మీటరు చొప్పున లావెక్కింది. ఎదురెదురు గోడలు సమానంగా పెరిగాయి కాబట్టి కాగితం మీద గీసేసరికి నాలుగు మూలలూ ముచ్చటగా కలిశాయి. తప్పు ఎక్కడా తల ఎత్తలేదు.

తల ఎత్తించడానికే ఐమూల కొలత అని ఒకటుంది. ఒక మూల నుంచి ఎదురు మూలకి అడ్డంగా కొలవాలి. గోడలు సరిగ్గా కొలిస్తే ఆ ఐమూల లెక్కలో వచ్చినదానితో సరిపోతుంది. అదే సాక్ష్యం. అది మర్నాటి పని. మర్నాడు ఆ అమ్మాయికి కంప్యూటరు వంతు వచ్చింది.

"నువ్వెళ్లు. నేనూ అటెండరూ కలిసి ఐమూల కొలిచేస్తాం," అన్నాను.

ఐమూల సరిగ్గా ఆ ఇనుము గుట్ట మీద నుంచి పోతుంది. గుట్ట చూశాను. నా ప్యాంటు చూసుకున్నాను. కొత్తది. గోడ నీడలో కూర్చుని, జేబులోంచి క్యాలిక్యులేటరు తీసి, రెండు గోడల వర్గాలు కలిపి వర్గమూలం తీశాను. ముప్పై నాలుగు ఎనభై తొమ్మిది వచ్చింది.

అదే అంకె రాసిచ్చేవాడు కొత్త దొంగ. డ్రాయింగ్ సెక్షన్‌లో అంతకాలం కూర్చున్నవాడికి తెలుసు, అచ్చంగా సరిపోయిన కొలతనే పైవాళ్లు అనుమానిస్తారని. నిజంగా కొలిస్తే ఎంతో కొంత తేడా వస్తుంది. అందుకని ఒక సెంటీమీటరు తగ్గించి ముప్పై నాలుగు ఎనభై ఎనిమిది అని చీటీ మీద రాసుకుని లోపలికెళ్లి ఆ అమ్మాయికి చెప్పాను. ఆమె తన గుండ్రటి రాతలో పుస్తకంలో ఎక్కించింది. 'కొలిచినవారు' అన్నచోట నేనూ, 'రాసినవారు' అన్నచోట ఆమే సంతకాలు చేశాం.

మాస్టారు పుస్తకం చూసి, నెలల తరబడి దాచుకున్నట్టున్న ఒక మెచ్చుకోలు బయటికి తీశారు. "ఒక్క సెంటీమీటరు తేడా. ఫీల్డులో పండిన చెయ్యి ఇలా ఉంటుంది. చూసి నేర్చుకోండి." నేను వినయంగా తలవంచాను. వినయం నాకు ఎప్పుడూ బాగానే వచ్చేది.

షీట్లు అతికించే రోజు వచ్చింది. పెద్ద తెర ముందు అందరం గుమిగూడాం. మా పెరడు పక్కన డ్రాయింగ్ హాలు పెట్టారు. అది ఇద్దరు కుర్రాళ్ల జట్టు కొలిచింది. పెట్టగానే నవ్వులు. మా గోడ హాలు గోడని దాటి ఒక మీటరు లోపలికి వెళ్లి, బ్లాక్‌బోర్డుకీ మొదటి బెంచీకీ మధ్య నిలబడింది.

"అంకుల్, మీ గోడకు చదువు మీద బాగ షోకున్నట్టుంది, క్లాసుకొచ్చి కూసుంది!" అన్నాడు ఆ జట్టులో ఒకడు.

"మీ హాలే ఉబ్బింది. మా దాన్ని అనకు!" అని ఈ అమ్మాయి లేచింది. "మా అంకుల్ ముప్పై ఏండ్లు జంగల్లల్ల కొలిచిండు. నువ్వు కొలిచినవా?"

"ఉబ్బనీకి అది పూరీయా?"

"మాకు ఐమూల ఉన్నది. మీకున్నదా? తియ్యి పుస్తకం!"

వాళ్లకి లేదు. హాలునిండా బల్లలుంటే ఐమూల ఎలా కొలవమంటారని వాళ్లు నిజాయితీగా ఆ చోటు ఖాళీ వదిలేశారు. మాస్టారు రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూశారు. ఒకదానికి సాక్ష్యం ఉంది, ఒకదానికి లేదు. "మీరు మళ్లీ కొలుచుకు రండి," అని ఆ కుర్రాళ్లతో అన్నారు. "కంపెనీవాళ్లు ఎల్లుండి వస్తున్నారు. బోర్డు మీదున్న షీట్లలోంచి ఏదో ఒక గీత చూపించి, అక్కడికక్కడే కొలిచి చూపమంటారట. రాసినదానికీ కొలిచినదానికీ పొంతన లేకపోతే ఆ షీటు గీసినవాళ్లని ఇక పిలవరు."

ఆ అమ్మాయి గెలిచినట్టు నా వైపు చూసి నవ్వింది. నాకు గోడలు తప్పని అప్పటికింకా తెలియదు, ఐమూల తప్పని మాత్రం తెలుసు. సంతకం ఆమెది కూడా అని గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున్నే మాస్టారి గది తలుపు తట్టాను. "మాస్టారూ, ఆ ఐమూల నేను కొలవలేదు. ఆ పిల్లకి ఏమీ తెలియదు. శిక్ష నాకు వెయ్యండి," అన్నాను. ఆయన లేచి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, "పెద్దవారు మీరు," అన్నారు.

ఈ ఘట్టాన్ని నేను ఇరవై ఏళ్లకి పైగా ఇలాగే చెబుతూ వచ్చాను. ఒకరిద్దరు కళ్లు తుడుచుకోవడం కూడా చూశాను. అదేమీ జరగలేదు.

జరిగింది ఇది. కంపెనీ వచ్చేనాటికి జ్వరం తెచ్చుకుందామని నిశ్చయించుకుని, అందుకు రంగం సిద్ధం చేయడానికి ముందు రోజు కాలేజీకి దగ్గుతూ వెళ్లాను. ఇంట్లో కూడా దగ్గితే మా ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసి, "జొరమేదీ? ఏటి చేసీసారో చెప్పండి ముందు," అంది. నన్ను అంతగా చదివిన మనిషి ఇంకొకరు లేరు అనుకున్నాను. కాలేజీ గేటు దగ్గర ఇంకొకరు నిలబడి ఉన్నారు.

"అంకుల్, అటెండర్ సార్ ఆ దినం లీవుల ఉన్నడంట. చెల్లె పెండ్లికి పోయిండంట."

"ఏ దినం?"

"ఐమూల దినం. ఇందాక ఆయననే చెప్పిండు. మరి టేపు అవతల ఎవరు పట్టిన్రు?"

"ప్యూను..."

"ఏ ప్యూను?"

నా దగ్గర ఇంకా ఇద్దరు ముగ్గురు మనుషులున్నారు, వాచ్‌మన్, తోటమాలి, దారిన పోయేవాడు. ఆమె కళ్లు చూశాక ఎవర్నీ తీసుకురాలేకపోయాను. "ఎవరూ పట్టలేదమ్మా. లెక్క కట్టి రాశాను," అన్నాను.

ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "సంతకం నాది సుత ఉన్నది అంకుల్," అంది. "మీకేమైతది? మీకు సర్కారు నౌకరి ఉన్నది. నాకు గిర్ని ఉన్నది."

దగ్గడం మానేశాను.

టేపు తెచ్చింది. పెరట్లోకి నడిచాం. నేను ఒకటి మీద పట్టుకున్నాను, ఆమె అవతలి మూలకి వెళ్లింది.

"ఇరవై ఏడు నలబై."

నోరు తెరిచాను. పులి లేదు, కబుర్లు లేవు. ఒకటి తీసేశాను. "ఇరవై ఆరు నలభై."

పుస్తకంలో ఉన్నది ఇరవై ఏడు నలభై. ఇద్దరం టేపుకి చెరో కొసనా అలాగే ఉండిపోయాం. ఒక గోడ బ్లాక్‌బోర్డు ముందుకి ఎలా వెళ్లిందో ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఆమె కొత్త అంకె రాసుకుంది. రెండో మూలకి నడిచింది. నాలుగు గోడలూ తలా ఒక మీటరు తగ్గాయి.

ఐమూలకి గుట్ట ఎక్కాను. లేతు మిషను మీద ఒక కాలు, చక్రం మీద ఒక కాలు. కొత్త ప్యాంటుని మోకాలి దగ్గర ఇనుప తరుగు పట్టుకుని వదల్లేదు. రెండు ముక్కలుగా కొలిచి, రెండుసార్లూ ఒకటి తీసేశాను. ముప్పై మూడు యాభై ఒకటి. లెక్క ప్రకారం ముప్పై మూడు నలభై తొమ్మిది రావాలి. రెండు సెంటీమీటర్లు తేడా. కొలిస్తే ఎంతో కొంత తేడా వస్తుందని నేనే చెప్పాను కదా.

"సార్‌కు మీరే చెప్పాలె. నేను పక్కకు నిలవడ్త," అంది.

మాస్టారి గదిలో నిలబడ్డాం. నేను గొంతు సవరించుకున్నాను. "మాస్టారూ, ఎండాకాలంలో టేపు వ్యాకోచం చెందడమనేది..."

పక్కన ఆమె దగ్గింది. నా దగ్గు కంటే ఆమెది నమ్మేలా ఉంది.

"...మాస్టారూ, గోడలకి ఒకటి తీసెయ్యడం మర్చిపోయాను. ఐమూల అసలు కొలవలేదు. క్యాలిక్యులేటరుతో చేసి రాశాను. ఈ పిల్లకి తెలియదు."

ఆయన కళ్లద్దాలు తీశారు. భుజం మీద చెయ్యి వెయ్యలేదు. "ఆ ఒక్క సెంటీమీటరు తేడా కూడా పెట్టిందేనా?" అన్నారు.

"అవునండీ."

"నేను క్లాసులో మెచ్చుకున్నది దాన్నే."

అంతకంటే తిట్టివుంటే బాగుండేది. పుస్తకం తెరిచి ఆ అమ్మాయి ముందుకి తోశారు. ఫీల్డ్‌బుక్‌లో రబ్బరు వాడకూడదు, తెల్లరంగు పూయకూడదు. తప్పుని ఒక్క గీతతో కొట్టెయ్యాలి, కింద ఉన్నది కనబడాలి, కారణం రాసి సంతకం పెట్టాలి. "షీటు సాయంత్రంలోపు మళ్లీ గీస్తే బోర్డు మీద పెడతాను. లేకపోతే ఆ చోటు ఖాళీగా ఉంటుంది," అన్నారు.

ఆమె ఐదు అంకెలూ కొట్టేసింది. గోడల పక్కన 'ఒక మీటరు తీయలేదు' అని నాలుగుసార్లు రాసింది. ఐమూల పక్కన 'ఇది కొలవలేదు, ఊహించి రాసినది' అని రాసి, కలం నాకిచ్చింది. నా సంతకం ఎప్పుడూ నీటుగా కుదిరేది. ఆ రోజు వంకరపోయింది.

కంప్యూటరు వంతు ఆ పూట మాది కాదు. డ్రాయింగ్ హాలు కుర్రాళ్లది. వాళ్ల కొలతే సరైనదని తేలింది కాబట్టి మంచి ఊపులో ఉన్నారు.

"ఇస్తం గని ఒక షరతు. అంకుల్ పులి ముచ్చట నిజమా కాదా చెప్పాలె."

ఆ అమ్మాయి నా వైపు చూసింది. "లేదు బాబూ, పులి లేదు," అన్నాను.

"మరి చైను?"

"చైను ఉంది. అది వేరేవాళ్లు పట్టుకున్నారు."

కుర్చీ ఇచ్చేశారు. ఆమె సాయంత్రం నాలుగింటిదాకా కదలకుండా షీటంతా మళ్లీ గీసింది. నేను పక్కన కూర్చుని అంకెలు చదివాను. చదివిన ప్రతి అంకెనీ ఆమె పుస్తకంలోకి తొంగి చూసుకున్నాకే కొట్టింది. తప్పేమీ లేదు, నేనైనా అలాగే చేసేవాణ్ణి.

కంపెనీ నుంచి వచ్చినవాడు మెడలో బిళ్ల వేసుకున్న పాతికేళ్ల కుర్రాడు. మాస్టారు ఇస్త్రీ చొక్కాతో, చేతిలో టేపుతో, బోర్డు పక్కన సిద్ధంగా నిలబడ్డారు. ఆ టేపు చిరిగింది కాదు. ఆ కుర్రాడి కోసమే కొత్తది తెప్పించారు. ఆ కుర్రాడు బోర్డు వైపు చూడనేలేదు. అందర్నీ వంతుల్లో కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టాడు. తెర మీద ఎక్కడిదో విదేశపు ఊరు, వీధుల కింద పైపుల గీతలు మసగ్గా ఉన్నాయి. వాటి మీద మౌసుతో క్లిక్ చేసుకుంటూ పోవాలి. పది నిమిషాల్లో ఎవరు ఎంత పొడవు గీస్తారో అదే పరీక్ష. ఆ ఊరు ఏదో, ఆ పైపుల్లో ఏముందో ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. నేనూ కూర్చున్నాను. నా పైపు ఒక చర్చిలోంచి పోయింది.

ఆ అమ్మాయిది అందరికంటే పొడవు. రెండో పేరు డ్రాయింగ్ హాలు కుర్రాళ్లలో ఒకడిది. గంటలో అంతా అయిపోయింది. ఎవరూ ఏ గీతా కొలవమనలేదు. మాస్టారు టేపుని తిరిగి డబ్బాలో పెట్టి, పెరటి గేటు తాళం జేబులో వేసుకున్నారు.

"ఉద్యోగం వచ్చిందమ్మా!" అన్నాను. సంతోషం నిజమైనదే. దాంతోపాటు నాలో ఒక పాత మనిషి లేచి, నోరు మూసుకుని ఉంటే సరిపోయేది కదా, ప్యాంటైనా మిగిలేది అని గొణిగాడు. దాన్ని ఆమె నా మొహంలో చదివినట్టుంది.

"పుస్తకం ఒక్కసారన్న తెరవలే అంకుల్," అంది. ఆ మాటలో సంతోషం లేదు, కోపం ఉంది. ఫీల్డ్‌బుక్ తీసుకుని విసవిసా బయటికి నడిచింది. నేను వెనకాలే వెళ్లాను. కంపెనీ కుర్రాడు కారు తలుపు తీస్తున్నాడు.

"సార్, జెర గిది చూడున్రి. మా పెరడు కొలిచిన పుస్తకం."

అతను వాచీ చూసుకుని, మర్యాద కోసం పుస్తకం అందుకున్నాడు. ఆమె తెరిచి పెట్టిన పేజీలో ఐదు కొట్టివేతలూ, వాటి పక్కన ఐదు కారణాలూ, వంకర సంతకం. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇన్ని కొట్టివేతలుంటే క్లయింట్ ఒప్పుకోడమ్మా. జాయినయ్యాక కొంచెం నీటుగా రాయడం అలవాటు చేసుకో," అన్నాడు.

"సరే సార్," అంది.

కారు గేటు దాటింది. ఆమె పుస్తకాన్ని ల్యాబ్‌లో తిరిగి ఇవ్వకుండా తన సంచిలో పెట్టుకుంది. నేను చూడనట్టు చెట్టు వైపు చూశాను.

"గిర్ని తప్పింది," అంది తనలో తను అనుకున్నట్టు. ఆ రోజు మొదటిసారి నవ్వు వచ్చింది ఆమెకి. "నడువున్రి అంకుల్, చాయ్ తాపిస్త. కని తాగేదాక మీరు ఒక్క ముచ్చట సుత చెప్పొద్దు."

కప్పు ఖాళీ అయ్యేదాకా నేను ఒక్క మాటా మాట్లాడలేదు.

సగం అయ్యేదాకా.